బాణాలు లేని లెక్క

చియాతురాలో రాత్రి బడి.
లోయకి అటువైపు మాంగనీసు గని, ఇటువైపు మేము.
నడుమ తీగ మీద వేలాడే ఇనప పెట్టె,
పగలంతా దాన్ని అటూ ఇటూ నడిపేది నేనే.
ఏడింటికి చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని
ఎలక్ట్రీషియన్ పరీక్షకి చదువుకుంటాను,
నలభై మూడేళ్ళప్పుడు, వెనక బెంచీలో,
కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కిన చోట.

నోదార్ మాస్టారు బోర్డు మీద నాలుగు చుక్కలు పెట్టాడు.
ప్లస్ నాలుగు, మైనస్ ఐదు,
ప్లస్ రెండు, మైనస్ రెండు.
అన్నీ మైక్రో కూలుంబులే.
వాటికి కాస్త ఎడంగా ఇంటూ మార్కు.
"ఇక్కడ పొటెన్షియల్ ఎంత?"

ఆ మార్కు దగ్గర ఏమీ లేదు.
ఏమీ లేని చోటికే ఇంత లెక్క.

నేను బాణాలు గీశాను.
పోయిన వారం నేర్పింది అదే మరి,
ఏది లాగుతోంది, ఏది తోస్తోంది, ఎటు.
సైన్లూ కొసైన్లూ విడదీసేసరికి
కాగితం నిండా ముళ్ళపొద.
మాస్టారు నా భుజం మీంచి చూసి
బొటనవేలు తడి చేసుకుని
ఒక్కో బాణాన్నే తుడిచాడు.
"ఇది ఎటు అని అడగదు, గులీకో.
ఎవరు, ఎంత దూరం. అంతే."

మళ్ళీ మొదలెట్టాను. మొదటి చుక్క మూడు మీటర్లు.
అలవాటుగా దూరాన్ని వర్గం చేశాను, నాలుగు వేలొచ్చింది.
పక్కనున్న బాద్రి, మీసాలింకా సరిగ్గా రాని కుర్రాడు,
"ఒక్కసారి భాగిస్తే చాలత్తా" అన్నాడు.
పన్నెండు వేల వోల్టులు.
రెండోది ఐదు మీటర్లు, తొమ్మిది వేలు తీసేశాను.
ఆరు మీటర్ల దాని మూడు వేలు కలిపాను.
ఆఖరిది మళ్ళీ మూడు మీటర్లే,
ఉన్న ఆరు వేలూ పట్టుకుపోయింది.

సున్నా.
తప్పు చేశాననుకున్నాను.
"తప్పు కాదు" అన్నాడాయన.
"అనంతం నుంచి ఇక్కడిదాకా ఓ ఆవేశాన్ని మోసుకొస్తే
మొత్తం మీద నీకు ఖర్చూ లేదు, రాబడీ లేదు.
తెచ్చాక అక్కడ కుదురుగా ఉంటుందని మాత్రం
సున్నా నీకు మాటివ్వలేదు."

పుస్తకం అంచున నావి రాసుకున్నాను, పెన్సిలుతో.
బ్యాంకు అప్పు: మైనస్, బాగా దగ్గర.
జుంబేర్, పోయి పదకొండేళ్ళు: ప్లస్.
దూరం ఎంత వెయ్యాలో తోచక వదిలేశాను.
అక్క ఈతెరీ:
దూరం తెలుసు, తీగకి ఆ చివర, ఏడు నిమిషాలు.
గుర్తే తెలియదు.
ఆరేళ్ళుగా మాటల్లేవు.
గురువారం గురువారం నా పెట్టెలోనే ఎక్కుతుంది,
ఏడు నిమిషాలూ కొండకేసి మొహం తిప్పుకుని నిలబడుతుంది.
ఎటు చూస్తోందో ఈ లెక్కలోకి రాదట.

అప్పుడే కరెంటు పోయింది.
ఊరంతా ఒక్కసారే, ఎవరో దుప్పటి కప్పినట్టు.
బాద్రి కిటికీ దగ్గర్నుంచి అరిచాడు,
"పెట్టె మధ్యలో ఆగిపోయింది!"
రాత్రి షిఫ్టు ఓతియాకి నడుం నొప్పి.
చేతిచక్రం తిప్పడానికి నేనే పరిగెత్తాను,
వెనకాల మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని.

ఒక్కో చుట్టుకీ జానెడు తీగ.
చక్రం చల్లగా ఉంది, అరచేతులకి అంటుకుంటోంది.
ఆయాసపడుతూ కూడా లెక్క వదల్లేదు నన్ను:
కింద దూరం తగ్గితే పైన విలువ పెరుగుతుంది,
ప్లస్సైనా అంతే, మైనస్సైనా అంతే.
గుర్తు తేలేదాకా తిప్పడం ఆపే వీల్లేదు.

ఇవాళ ఏ వారమని మాస్టారిని అడిగాను.
వినబడలేదు ఆయనకి.
పెట్టె చీకట్లోంచి కొంచెం కొంచెంగా వస్తోంది.
లోపల ఎవరో దగ్గారు.